రెండో టవల్

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది. జీతం కాగితం మీద తప్ప అది ఇంకెక్కడా కనబడేది కాదు. కంపెనీలో అందరికీ ఆవిడ డ్రమ్మక్క. ఆస్పత్రులకీ, హాస్టళ్ళకీ, పెద్ద పెద్ద హోటళ్ళకీ మనిషెత్తు బట్టలుతికే యంత్రాలు అమ్మే కంపెనీ అది. ఆ యంత్రాల కడుపులో గిరగిరా తిరిగే ఉక్కు డ్రమ్ముకి ఏ జబ్బు చేసినా పంపేది ఈవిడనే. లోపలికి తల దూర్చి, చేత్తో ఒక తిప్పు తిప్పి, చెవొగ్గి విని, "బేరింగు పోయింది" అనో, "ఎవరి జేబులోనో మేకు ఉండిపోయింది" అనో తేల్చేసేది. యాభై దాటిన పొట్టి మనిషి. చేతులు మాత్రం వస్తాదు చేతులు.

ఆ పని ఆవిడ బడిలో నేర్చుకోలేదు. వాళ్ళ నాన్నకి చిన్న లాండ్రీ ఉండేది, ఒకే ఒక్క పాత యంత్రంతో. అది ఆగిపోతే మెకానిక్కు రావడానికి పదేసి రోజులు పట్టేది. పదిహేడేళ్ళప్పుడు ఒకసారి విసుగెత్తి తనే విప్పేసింది. మర్నాడు మెకానిక్కు వచ్చేసరికి యంత్రం తిరుగుతోంది. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఎవరు చేశారండీ ఇది?" అని అడిగాడు. నాన్న వేలు పెట్టి చూపించాడు. ఆ మెకానిక్కే తర్వాత కంపెనీలో చేర్పించాడు. అప్పటినుంచీ ఇరవయ్యారేళ్ళు. ఒక్క మాట పడలేదు, ఒక్క మెమో అందుకోలేదు.

ఇంట్లో ముగ్గురే. మొగుడు బస్సు కండక్టరు. రోజంతా చిల్లర కోసం జనంతో గొడవపడి పడి, లోకంలో దేనికీ గొడవపడకూడదని తేల్చుకున్న మనిషి. ఏం చెప్పినా "పోనీలే" అంటాడు. ఆయన తల్లి ఇంకో రకం. డెబ్బయ్యారేళ్ళ ఆవిడ పక్కింటావిడతో మాట్లాడి పద్ధెనిమిదేళ్ళయింది. పక్కింటావిడ నిచ్చెన అడిగి తీసుకెళ్ళి, మెట్టు విరగ్గొట్టి, "ముందే విరిగుంది" అంది. అంతే. ఈ అత్తాకోడళ్ళకి వంట దగ్గర రోజూ పేచీయే గానీ, ఒకరికి మాట తగిలితే రెండోవాళ్ళు కూడా మరిచిపోరు. ఆ విషయంలో మాత్రం ఇద్దరూ ఒక్క గూటి పిట్టలు.

ఇక జరిగిందేమిటంటే, ఒక ఊళ్ళో ఆస్పత్రికి కొత్త యంత్రం బిగించడానికి డ్రమ్మక్కని నాలుగు రోజులు పంపారు. ఆస్పత్రికి మూడు వీధుల అవతల ఒక హోటల్లో కంపెనీవాళ్ళే గది మాట్లాడారు. కాగితంలో మూడో అంతస్తు, కిటికీ, వేణ్ణీళ్ళు అని రాసుంది. తీరా వెళ్తే కౌంటరు దగ్గర గుమాస్తా చూపెట్టింది కింద, వంటింటి వెనకాల గది. కిటికీ ఉంది. తెరిస్తే ఎదురుగా గోడ. గోడకి ఒక గొట్టం, ఆ గొట్టంలోంచి వంటింటి పొగ.

"ఇదేంటి బాబూ, మూడో అంతస్తన్నారు?"

"పైన కాన్ఫరెన్సువాళ్ళు దిగారు మేడమ్. రేపు మార్చేస్తాం."

రేపు మార్చలేదు. ఎల్లుండీ మార్చలేదు. కుళాయి తిప్పితే నీళ్ళు జలుబు చేసిన ముక్కులా కారేవి. వేణ్ణీళ్ళ సంగతి అడిగితే "నోట్ చేసుకున్నాం మేడమ్" అనేవాడు గుమాస్తా. ఏం నోట్ చేసుకునేవాడో, ఎక్కడ చేసుకునేవాడో, వాడి ముందు పుస్తకమూ లేదు, పెన్నూ లేదు. ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఇంతకంటే ఘోరమైన గదులు చూసింది కాబట్టి అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది దుప్పటినే.

మంచం మీద కూర్చుని అలవాటు చొప్పున దుప్పటి మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే తీసేసింది. ఉతికిన బట్ట చేతికి ఒకలా తగులుతుంది, తిరగేసి పరిచిన బట్ట ఒకలా తగులుతుంది. మామూలు మనిషికి తెలీదు, ఆవిడకి తెలుసు. ఇస్త్రీ మడతలుండాల్సిన చోట మనిషి పడుకున్న నలుగుళ్ళు. అంచు ఎత్తి చూస్తే అడుగు వైపు ఎవరిదో తలనూనె మరక. గదిలో టవల్ ఒకటే. అదీ పలచగా, వెలుగుకి పెడితే వేళ్ళు కనబడేంత పలచగా. ఆ రోజు తన చీర ఒకటి పరుచుకుని పడుకుంది.

రెండో రోజు పొద్దున టీ తాగుతూ లాబీలో కూర్చున్న మేనేజరుని చూసింది. నలభై అయిదేళ్ళుంటాయి. మెడలో టై, చేతిలో రెండు ఫోన్లు, నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయే ముఖం. పక్కన కాన్ఫరెన్సుకొచ్చిన పెద్దమనుషులు నలుగురు.

"మేనేజరు గారూ, నా గదిలో దుప్పటి ఉతకలేదండీ. తిరగేసి వేశారు," అంది.

"అలాంటిదేం ఉండదు మేడమ్. మా దగ్గర ప్రతిరోజూ మారుస్తారు."

"నేను ముప్ఫయ్యేళ్ళుగా బట్టలుతికే పనిలోనే ఉన్నానండీ. నాకు చెప్పకండి. మారిస్తే మడత ఉంటుంది, మార్చకపోతే మరక ఉంటుంది. వచ్చి చూడండి."

పెద్దమనుషుల్లో ఒకాయన కిసుక్కున నవ్వాడు. ఇంకొకాయన "మన గదుల్లో కూడా చూసుకోవాలి బాబోయ్" అన్నాడు. మేనేజరు ముఖం ఎర్రబడింది. "చూస్తాం మేడమ్" అని ఫోను చెవికి పెట్టుకున్నాడు. అటువైపు ఎవరూ లేరని డ్రమ్మక్కకి తెలిసిపోయింది. ఆ సాయంత్రం దుప్పటి మారింది. అంతటితో అయిపోయిందనుకుంది పాపం.

నాలుగో రోజు పొద్దున ఖాళీ చేసి వెళ్తుంటే కౌంటరు దగ్గర గుమాస్తా ఆపాడు. "ఒక్క నిమిషం మేడమ్. గదిలో టవల్ ఒకటి తక్కువుంది."

"తక్కువేంటి? ఉన్నదే ఒకటి."

"లిస్టులో రెండున్నాయి."

లోపల్నుంచి మేనేజరు వచ్చాడు. ఆ రోజు నవ్వు పెదవుల దగ్గర ఆగలేదు, కళ్ళదాకా వెళ్ళింది. "ఏం లేదు మేడమ్, ప్రొసీజర్. బ్యాగు ఒకసారి చూపిస్తే అయిపోతుంది."

లాబీ నిండా జనం. కాన్ఫరెన్సువాళ్ళు కూడా ఆ పొద్దునే వెళ్ళిపోతున్నారు. "ఇక్కడా? లోపల ఎక్కడైనా చూడండి," అంది డ్రమ్మక్క.

"అందరి ముందూ అయితే మీకే మంచిది కదా మేడమ్. తర్వాత ఎవరూ ఏమీ అనరు."

అని బ్యాగు తీసుకుని సోఫా మీద బోర్లించాడు. తన చేత్తో కాదు, గుమాస్తా చేత్తో. చీరలు పడ్డాయి. ఆవిడ లోపలి బట్టలు పడ్డాయి. మోకాళ్ళకి రాసుకునే మందు, జుట్టుకి వేసుకునే రంగు, అత్తగారి కోసం కొన్న మెత్తని చెప్పులు. గుమాస్తా ఒక్కొక్కటీ రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పెడుతుంటే జనం చూడనట్టు చూశారు. మొన్న కిసుక్కున నవ్వినాయన కూడా తల తిప్పుకున్నాడు. టవల్ లేదు. పనిముట్ల సంచి కూడా తీశాడు. అందులోనూ లేదు.

"దొరకలేదు కదా?" అంది డ్రమ్మక్క. గొంతు ఆవిడకే కొత్తగా వినబడింది.

"బ్యాగులో దొరకలేదు," అన్నాడు మేనేజరు. "నాలుగు రోజులు బయటికీ లోపలికీ తిరిగారు కదా మేడమ్. సరే, వెళ్ళండి."

తల కొట్టేసినట్టయింది. సోఫా ముందు వంగి తన బట్టలు తనే ఏరుకుంది. లోపలి బట్టలు ముందు తోసి, వాటిమీద చీరలు కుక్కింది.

ఇంటికొచ్చి చెప్తే మొగుడు చాలాసేపు ఆవిడ చెయ్యి పట్టుకు కూర్చున్నాడు. చివరికి, "వెధవ బుద్ధి చూపించుకున్నాడు. పోనీలే, మళ్ళీ ఆ హోటల్ గడప తొక్కకు," అన్నాడు.

అత్తగారు కొత్త చెప్పులు తొడుక్కుని చూసుకుంటోంది. తలెత్తకుండానే, "వాడి పేరేంటే?" అని అడిగింది.

వారం తిరక్కుండా కంపెనీకి ఉత్తరం వచ్చింది. సర్వీసు మేనేజరు లోపలికి పిలిచి ఆవిడ ముందు పెట్టాడు. ఆయన మంచివాడే, కాకపోతే అందరితోనూ మంచివాడు. ఉత్తరంలో ఇలా ఉంది: "మీ సిబ్బందిలో ఒకరు మా హోటల్లో బస చేసి, గదిలోని రెండు టవళ్ళలో ఒకటి అప్పగించకుండా వెళ్ళినారు. ఇకమీదట మీ సంస్థ తరఫున ఎవరు మా హోటల్‌కి వచ్చినా, బయటికి వెళ్ళే ముందు వారి సామాను యావత్తూ మేనేజరు సమక్షంలో తనిఖీ చేయబడవలెను." కింద సంతకం, ముద్ర.

"నేను తియ్యలేదు సార్."

"నాకు తెలీదా అక్కా? టవలే కదా, వదిలెయ్. వచ్చిన కాగితం కాబట్టి ఫైల్లో పెట్టాలి. ఎవరు చూస్తారు చెప్పు?"

"నేను చూస్తాను సార్," అంది డ్రమ్మక్క. దానికో జిరాక్స్ కాపీ అడిగి తీసుకుంది. మడిచి పర్సులో పెట్టుకుంది.

ఎనిమిది నెలలు ఆ కాగితం పర్సులోనే తిరిగింది. ఆవిడ పని ఆవిడ చేసుకుంటూనే ఉంది. కానీ యంత్రం లోపల తల దూర్చినప్పుడల్లా, ఆ ఉక్కు చీకట్లో రెండు వేళ్ళు తన బట్టలు ఎత్తి పెడుతున్నట్టు కనబడేది. మర మేకు బిగిస్తూ ఇంకో చుట్టు ఎక్కువ బిగించేది. ఇదివరకు రోడ్డు మీద దారినపోయేవాడెవడైనా కసురుకుంటే సాయంత్రానికి మర్చిపోయేది. ఇది మర్చిపోలేదు, మర్చిపోదలుచుకోలేదు. వారానికోసారైనా అత్తగారు అడిగేది, "ఏమే, ఏమన్నా దారి దొరికిందా?" అని. "లేదత్తయ్యా." "దొరుకుతుందిలే. నువ్వు మాత్రం చల్లారకు."

ఒకరోజు ఆఫీసులో కొత్త ఆర్డర్ల బోర్డు చూస్తూ ఆగిపోయింది. అదే హోటల్. బయట ఉతికించే దుప్పట్ల మీద ఫిర్యాదులు ఎక్కువయ్యాయనీ, సొంత లాండ్రీ పెట్టుకుంటున్నారనీ, రెండు పెద్ద యంత్రాలూ ఒక ఆరబెట్టే యంత్రమూ కొన్నారనీ తెలిసింది. తిన్నగా సర్వీసు మేనేజరు గదిలోకి నడిచింది.

"ఆ హోటల్ పని నాకివ్వండి సార్."

"అక్కా, నీకూ వాళ్ళకీ..."

"అందుకే అడుగుతున్నా. పనిలో వంక పెట్టించుకోను. నా మీద నమ్మకముంటే ఇవ్వండి."

ఆయన కాసేపు పెన్ను తిప్పి, పేరు రాశాడు. "గొడవ మాత్రం వద్దు."

"గొడవెందుకు సార్? వాళ్ళ రూలు ప్రకారమే నడుచుకుంటా."

బయల్దేరే ముందురోజు పనిముట్ల సంచి సర్దుతుంటే అత్తగారు వచ్చి పక్కన చతికిలబడింది. స్పానర్లు, అలెన్ కీలు, బేరింగు లాగే పుల్లరు, మీటరు, బెల్టులు, రబ్బరు రింగులు, చివర్న మరల కింద వేసే సన్న వాషర్లు. డ్రమ్మక్క వాషర్లని సైజుల వారీగా పొట్లాలు కడుతోంది.

"ఎన్నుంటాయే అవి?"

"నూట నలభై."

"పొట్లాలెందుకు? విడిగా పొయ్యి. లెక్కపెట్టుకోనీ వాణ్ణి," అంది అత్తగారు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డ్రమ్మక్క పొట్లాలన్నీ విప్పి ఒక డబ్బాలోకి ఒంపేసింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు కలిసి అంతసేపు నవ్వడం కండక్టరు మొదటిసారి విన్నాడు.

హోటల్ అలాగే ఉంది. అదే లాబీ, అదే సోఫా. ఈసారి ఆవిడ అక్కడ బస చెయ్యలేదు, రెండు వీధుల అవతల చిన్న లాడ్జిలో దిగింది. మొదటిరోజు పని అయ్యాక సాయంత్రం సంచి తెచ్చి లాబీ మధ్య బల్ల మీద పెట్టి, "మేనేజరు గారిని పిలవండి," అంది కౌంటరు దగ్గర. గుమాస్తా ఆవిణ్ణి గుర్తుపట్టాడు. గబగబా లోపలికెళ్ళాడు.

మేనేజరు మాత్రం వెంటనే గుర్తుపట్టలేదు. "చెప్పండి మేడమ్, పని ఎంతవరకూ వచ్చింది?"

"పని బాగానే ఉందండీ. వెళ్ళేముందు నా సామాను తనిఖీ చెయ్యాలి." జిరాక్స్ కాగితం విప్పి బల్ల మీద పరిచింది. "మేనేజరు సమక్షంలో అని రాశారు. మీ సంతకమే కదా?"

ఆయన కాగితం చదివాడు. ఆవిడ ముఖం చూశాడు. సోఫా వైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది.

"అదెప్పుడో పాత విషయం మేడమ్. అవసరం లేదు. మీ మీద మాకు నమ్మకం ఉంది."

"అప్పుడు లేదు కదండీ. మధ్యలో ఎక్కణ్ణుంచొచ్చింది?"

"లోపల ఆఫీసులో చూద్దాం రండి పోనీ."

"అందరి ముందూ అయితే నాకే మంచిదని మీరే అన్నారు. తర్వాత ఎవరూ ఏమీ అనకుండా." సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసింది. "ఇదిగో జాబితా. ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టి కింద సంతకం చెయ్యండి. ఇది లేకుండా పని పూర్తయినట్టు నేను సంతకం పెట్టలేను. అది పెట్టకపోతే మీ యంత్రాలకి గ్యారంటీ మొదలవదు. మీరు పెట్టిన షరతే. నాదేం లేదు."

మేనేజరు గుమాస్తాని చూడమన్నాడు. "మేనేజరు సమక్షం" అన్న మాట మీద ఆవిడ వేలు పెట్టింది. ఆయన సమక్షంలో నిలబడి ఫోను చూసుకోబోతే, "టిక్కు మీరే పెట్టాలి కదండీ," అంది. మొదలైంది.

"పది నంబరు స్పానరు, ఒకటి." టిక్కు. "పన్నెండు నంబరు, ఒకటి." టిక్కు. ఆవిడ తొందరపడలేదు. ఒక్కో వస్తువునీ ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూపించి, మెల్లగా పెట్టింది. కొత్తగా దిగినవాళ్ళు కౌంటరు ముందు సామాన్లతో నిలబడి ఈ తంతు చూశారు. ఒక చంటిపిల్ల తల్లి "ఏం పోయిందండీ?" అని అడిగింది. "ఏమీ పోలేదమ్మా," అంది డ్రమ్మక్క వినబడేలా, "ఎప్పుడూ ఏమీ పోలేదు." వాషర్ల డబ్బా మూత తీసి బల్ల మీద కుమ్మరించేసరికి మేనేజరు పెన్ను కింద పెట్టాడు. నూట నలభై. తొంభై దగ్గర ఆయన ఫోను మోగింది. ఎత్తి మాట్లాడి వచ్చేసరికి లెక్క తప్పింది. మళ్ళీ మొదట్నుంచీ.

ఆ రోజు గంటా పది నిమిషాలు పట్టింది. రెండో రోజు గంట. మూడో రోజు ఆయన టై విప్పేసి కూర్చున్నాడు. ఎనిమిది నెలల తర్వాత డ్రమ్మక్కకి మొదటిసారి ఆకలి బాగా వేసింది.

యంత్రాలు పెట్టిన రెండు నెలలకి ఒకటి ఆగిపోయిందని ఫోను వచ్చింది. గదులన్నీ నిండున్న రోజు. ఆవిడ వెళ్ళింది. ఈసారి లోపలికి వెళ్ళేటప్పుడు కూడా తనిఖీ కావాలని పట్టుబట్టింది. "వచ్చేటప్పుడు చూడకపోతే, వెళ్ళేటప్పుడు ఏది నాదో ఏది మీదో ఎలా తేలుతుంది?" అంది. మేనేజరు పళ్ళు కొరుకుతూ లెక్కపెట్టాడు. యాభై నిమిషాలు. ఆ తర్వాత గంటలోనే బెల్టు మార్చేసి యంత్రాన్ని తిప్పింది.

లాండ్రీ మేస్త్రి ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసిన మనిషి, మాట తక్కువ. యంత్రాలు రాకముందు ఇదే హోటల్లో గదులకి దుప్పట్లూ టవళ్ళూ లెక్కపెట్టి ఇచ్చేవాడు. యంత్రం తిరగడం మొదలయ్యాక గోడవారగా చూపించాడు. నీళ్ళోడుతున్న దుప్పట్లు గుట్టగా పడున్నాయి. వాటి పక్కన ఇద్దరు ఆడవాళ్ళు చేత్తో పిండుతున్నారు, అరచేతులు తెల్లగా నానిపోయాయి.

"అక్కా, నీ పగ ఆయన మీద. ఆ గంటసేపూ చేతులు పడిపోయింది వీళ్ళకి," అన్నాడు.

డ్రమ్మక్క ఆ అరచేతుల వైపు చూసింది. తన నాన్న లాండ్రీలో యంత్రం ఆగినప్పుడు అలా పిండింది తనే. కొంగు బిగించి వెళ్ళి ఆ ఇద్దరి మధ్యా కూర్చుని గుట్ట మొత్తం అయిపోయేదాకా పిండింది. "ఇంకెప్పుడూ వచ్చేటప్పుడు ఆలస్యం చెయ్యను, అన్నా. వెళ్ళేటప్పుడే చూపించుకుంటా," అంది. ఆ మాట మీదే నిలబడింది.

పిండుతుండగానే మేస్త్రి అడిగాడు, అసలు ఆ తనిఖీ గొడవేంటని. చెప్పింది. ఆయన చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"కింద వరస గదుల్లో రెండో టవలా? పెట్టి రెండేళ్ళయింది. చిరిగినవాటి బదులు కొత్తవి తెప్పించలేదాయన. లిస్టులో మాత్రం రెండనే రాయమంటాడు, పైవాళ్ళు అడగకుండా."

"ఆయనకి తెలుసా మరి, నా గదిలో ఒకటే ఉందని?"

"రాయించింది ఆయనే అయితే తెలీకపోవడమేంటక్కా?"

అంతవరకూ ఆవిడ మనసులో ఎక్కడో ఒక చిన్న సందు ఉండేది. ఏమో, లిస్టు చూసి పొరపాటు పడ్డాడేమో అని. పొరపాటైతే ఎప్పటికో అప్పటికి చల్లారేదేమో. ఆ సందు మూసుకుపోయింది. దుప్పటి సంగతి చెప్పినందుకు, పెద్దమనుషులు నవ్వినందుకు, తెలిసి తెలిసి చేశాడు.

"నువ్వీ మాట ఎవరికైనా చెప్తావా అన్నా?"

"అడిగితే అబద్ధం చెప్పను. నా అంతట నేను వెళ్ళి చెప్పను. నాకీ ఉద్యోగం కావాలి."

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ బల్ల, జాబితా, వాషర్లు. హోటల్ మేనేజరు కంపెనీ సర్వీసు మేనేజరుకి ఫోను చేసి వేరే మనిషిని పంపమన్నాడు. "తప్పకుండా పంపుతాను," అన్నాడట ఆయన, "ముందు ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసివ్వండి." మేనేజరు రాయలేదు. రాస్తే తప్పు ఒప్పుకున్నట్టు. రాయకపోతే వాషర్లు. మనిషి వాషర్లే ఎంచుకున్నాడు. ఆ సంగతి విని డ్రమ్మక్క, సర్వీసు మేనేజరు అంత మెత్తని మనిషేమీ కాదని మొదటిసారి అనుకుంది.

అయిదోసారి వెళ్ళింది ఒక మధ్యాహ్నం. పని అయింది. బల్ల మీద స్థలం లేదని ఆ రోజు నేల మీదే ఒక దుప్పటి పరిచారు. మేనేజరు గొంతుక్కూర్చుని వాషర్లు వేలితో పక్కకి జరుపుతూ లెక్కపెడుతుండగా, గాజు తలుపు తెరుచుకుని హోటల్ యజమానురాలు లోపలికొచ్చింది. వెనకాల ముగ్గురు అతిథులు. అరవై ఏళ్ళావిడ, గట్టి మనిషి. నెలకోసారి కూడా రాదు.

"ఏంటిది?" అంది.

మేనేజరు లేవబోయాడు. మోకాలు పట్టేసి మళ్ళీ కూలబడ్డాడు. "ఏం లేదు మేడమ్... చిన్న చెకింగ్..."

"నూట మూడు దగ్గరున్నారు," అంది డ్రమ్మక్క. కాగితం తీసి యజమానురాలికి అందించింది.

ఆవిడ చదివి, చిరాగ్గా ముఖం పెట్టింది. "ఒక టవల్ కోసం లాబీలో ఇంత రభసా? ఎవరు తీస్తే ఏంటి, వదిలెయ్యొచ్చుగా!"

ఆ "వదిలెయ్" అన్న మాట దగ్గర డ్రమ్మక్కకి ఒళ్ళు భగ్గుమంది. అయినా గొంతు పెంచలేదు. "టవల్ కోసం కాదండీ. ఆ సోఫా మీద, అదిగో ఆ సోఫా మీదే, ఇంతమంది ముందు నా లోపలి బట్టలు కుమ్మరించారు. ఒక్కొక్కటీ రెండు వేళ్ళతో ఎత్తి చూపించారు. మీ బట్టలైతే మీరు వదిలేస్తారా?"

యజమానురాలు సోఫా వైపు చూసింది. మేనేజరు వైపు తిరిగింది. "నిజమా?"

"ప్రొసీజర్ మేడమ్. లిస్టులో రెండు టవళ్ళు..."

"ఆ గదిలో రెండో టవలే లేదు," అంది డ్రమ్మక్క. "మీ లాండ్రీ మేస్త్రిని అడగండి."

మేస్త్రిని పిలిచారు. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. యజమానురాలు అడిగితే నేల చూస్తూ చెప్పాడు. రెండేళ్ళుగా లేవని, లిస్టు ఎవరు రాయమన్నారో కూడా. చెప్పి, మళ్ళీ ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయాడు. మేనేజరు ముఖంలో రంగు దిగిపోవడం డ్రమ్మక్క తీరిగ్గా, కళ్ళారా చూసింది. ఎనిమిది నెలలు, ఆపైన ఇంకో ఏడు నెలలు దీనికోసమే కాచుకుంది. రెప్ప వెయ్యలేదు.

"రాసివ్వండి ఆవిడకి. ఇప్పుడే," అంది యజమానురాలు.

కౌంటరు మీద కాగితం పెట్టుకుని రాశాడు. డ్రమ్మక్క అందుకుని పైకి చదివింది. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." కాగితం వెనక్కిచ్చింది. "అసౌకర్యమంటే వేణ్ణీళ్ళు రాకపోవడమండీ. ఇది వేరు. నేను టవల్ తియ్యలేదని రాయండి."

రెండోసారి రాశాడు. "టవల్ తీసినట్టు ఆధారాలు లభించలేదు."

"ఆధారాలు కాదు. తియ్యలేదు. గదిలో రెండో టవల్ లేదు. అది మీకు తెలుసు. ఈ మూడు ముక్కలూ రాయండి, చాలు."

ఆయన యజమానురాలి వైపు చూశాడు. ఆవిడ గడియారం చూసుకుంటోంది గానీ కాదనలేదు. మూడోసారి రాశాడు. పెన్ను కాగితానికి చిల్లు పెట్టేంత గట్టిగా రాశాడు. సంతకం, ముద్ర. డ్రమ్మక్క ఈసారి మరీ గట్టిగా చదివింది, గుమాస్తాకి కూడా వినబడేలా. చదివి మడిచి పర్సులో పెట్టుకుంది.

"అయిపోయినట్టే కదా?" అన్నాడు మేనేజరు, లోగొంతుతో.

"ఎక్కడండీ? ఇంకా ముప్ఫయ్యేడు వాషర్లున్నాయి."

యజమానురాలు అతిథుల్ని తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. మేనేజరు మళ్ళీ గొంతుక్కూర్చున్నాడు. నూట నాలుగు, నూట అయిదు. డ్రమ్మక్క సోఫాలో వెనక్కి ఆనుకుని విన్నది.

ఇంటికొచ్చాక అత్తగారు ఆ కాగితం మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి "అది మాకు తెలియును" అన్న చోట ఆపి, ఆ ముక్క విడిగా మళ్ళీ చదివించుకుంది. కండక్టరు భోంచేస్తూ, "సరే, పోనీలే, అయిపోయిందిగా," అన్నాడు. "నువ్వు తినరా," అంది తల్లి.

అసలు కాగితం ఆఫీసు ఫైల్లోకి వెళ్ళింది. సర్వీసు మేనేజరు పాత ఉత్తరం తీసి అవతల పారేస్తానన్నాడు. వద్దు, రెండూ పక్కపక్కనే ఉండాలంది డ్రమ్మక్క.

అయినా తనిఖీ మానలేదు. ఉత్తరం తప్పని రాశాడే గానీ, సామాను చూసే షరతు తీసేశామని ఎక్కడా రాయలేదుగా అంది. ఆ తర్వాత ఏడాదిన్నర, ఎప్పుడు వెళ్ళినా బల్ల మీద సంచి పెట్టి నిలబడేది. ఆయన వచ్చేవాడు. మాట్లాడేవాడు కాదు, లెక్కపెట్టేవాడు. చివరి చివర్లో చెయ్యి తిరిగి నలభై నిమిషాల్లో ముగించేవాడు. ఎవరైనా "ఇంకా కోపం తీరలేదా అక్కా?" అని అడిగితే, నిజంగానే ఆలోచించి, "కొంచెం ఉంది," అనేది. ఆ కొంచెం ఉన్నందుకు ఆవిడెప్పుడూ సిగ్గుపడలేదు.

ఒకసారి వెళ్ళేసరికి బల్ల దగ్గరికి వేరే మనిషి వచ్చాడు. సన్నగా, కళ్ళజోడుతో, చేరి నెల కూడా కాలేదు. పాత మేనేజరు ఇంకో ఊళ్ళో ఇంకో హోటల్‌కి వెళ్ళిపోయాడట. డ్రమ్మక్క జాబితా అందిస్తే ఈయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదంతా ఏంటమ్మా? నేనేం చెయ్యాలి?"

డ్రమ్మక్క ఆయన ముఖంలోకి చూసింది. అందులో తనకి తెలిసిందేమీ లేదు.

"మీరేం చెయ్యక్కర్లేదు బాబూ," అంది. జాబితా మడిచి సంచిలో పడేసి, జిప్పు లాగి, భుజాన వేసుకుని బస్సు కోసం బయల్దేరింది.